నాన్న ఊదిన బంతి

ఒతారు,
1993 జనవరి 16

అన్నయ్యకు,

కొత్త సంవత్సరం కార్డు అందింది. మొదటి వాక్యం నువ్వు రాసి మిగతాది వదిన చేత రాయించావని చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. అయినా సంతోషం. ఫోను చేస్తే పడవ మీంచి అరిచినట్టు అరిచి ఠక్కున పెట్టేస్తావు. ఉత్తరమైతే నా మాట చివరిదాకా వినక తప్పదు నీకు.

ఇక్కడ మంచు కిటికీ సగం దాకా వచ్చింది. బట్టీ ఉన్న గదిలో మాత్రం చెమటలు. వీధిలో పిల్లులన్నీ మా గుమ్మంలోనే కాపురం పెట్టాయి.

అసలు సంగతికి వస్తాను. సప్పొరోలో ఒక ప్రదర్శనశాల వాళ్లు నవంబరులో నాకు గదంతా ఇస్తామన్నారు. ఒకే వస్తువు మీద ఏడాదంతా పనిచేసి చూపించాలట. పూలు నిలబడని పూలకూజాలు చేస్తానని నువ్వు ఇరవై ఏళ్లుగా వెక్కిరిస్తున్నావు కదా, ఈసారి కూజాలు చేయను. నాన్న ముప్ఫై ఏళ్లు ఊదిన బంతులే ఊదుతాను. చేపల వలలు మునిగిపోకుండా కట్టేవే, పచ్చగా, పుచ్చకాయంత. ప్లాస్టిక్ బంతులు రాగానే ఆయన బట్టీ ఆర్పేశాడు, మరుసటి ఏడు ఆయనా పోయాడు. ఆయన చేతివి ఎన్ని వేలో సముద్రంలో కలిసిపోయాయి. మిగిలింది మీ గుమ్మంలో వేలాడేది ఒక్కటే.

అది నాకు ఏడాదిపాటు కావాలి. ఎదురుగా పెట్టుకుని అచ్చు అలాంటిది ఒక్కటైనా ఊదాలి. యాభై అయిదేళ్లు వచ్చినా ఆ ముసలాయన మెప్పు కోసమే పాకులాడుతున్నానని నవ్వకు. నావి ఒక్కటైనా ఉంచాడా ఆయన? పదిహేనో ఏట, ఆయన నిద్రపోతుంటే దొంగతనంగా నేనొకటి ఊదాను, గుర్తుందా? అన్నం తిని వచ్చేసరికి లేదు. ఏదని అడిగితే, "కరగబెట్టేశా. ఎడంచేత్తో చేసింది సముద్రంలో నిలవదు" అన్నాడు. అది నాకు ఇప్పటికీ మంటే.

జాగ్రత్తగా కట్టి పంపు.

నీ ఎడంచేతి చెల్లెలు,
ఇత్సుయో


రుమోయ్,
జనవరి 30

ఇత్సుయో,

మర్యాద ప్రకారం ఉత్తరంలో మొదట మంచు గురించి రాయాలి కాబట్టి రాస్తున్నాను. మంచు ఉంది.

ఆ బంతి ఎందుకే నీకు? దుమ్ము కొట్టుకుపోయి ఉంది. తాడు కుళ్లింది. తీస్తే గుమ్మం బోసిపోతుంది. కావాలంటే చుట్టుకొలత తీసి, బొమ్మ గీసి పంపుతాను. నా బొమ్మలు బాగుంటాయని బడిలో అనేవాళ్లు. అదీ కాక నాన్న బంతులన్నీ ఒకేలా ఉండేవి కావు. తాగిన రోజు ఒకలా, తాగని రోజు ఒకలా. తాగని రోజులు తక్కువ. దీన్నే పట్టుకుని వేలాడటం ఎందుకని నా ఉద్దేశం.

ఈ ముక్క రాస్తుంటే మీ వదిన వెనకనుంచి చదివి, "నోరు మూసుకుని పంపండి" అంది. పంపుతున్నాను. పాత వలలో చుట్టి, పైన నా చలికాలపు లోపలి పంట్లాం రెండు చుట్లు చుట్టాను. పంట్లాం తిరిగి పంపు.

అన్నయ్య తొకుజి


ఒతారు,
ఏప్రిల్ 20

అన్నయ్యకు,

బంతి క్షేమంగా చేరింది. పంట్లాం ఉతికాక కూడా ఎండుచేప వాసన వేస్తోంది, వేరే పార్సెల్లో పంపాను. పోస్టాఫీసు వాళ్లు ముక్కు మూసుకున్నారు.

మూడు నెలలయింది. ఒక్కటీ రాలేదు. గుండ్రంగా రావడం రాక కాదు, అది నాకు నిద్రలో కూడా వస్తుంది. నాన్న బంతిలో వేరే ఏదో ఉంది. కొంచెం వంకరగా, ఒక పక్కకి బొజ్జ వేసుకుని ఉంటుంది, కానీ చేత్తో తిప్పితే తూకం ఎక్కడా తప్పదు. వెలుగుకి పెడితే లోపల సన్నటి బుడగల చార ఒకటి ఎడమకి మెలి తిరిగి పైకి పోతుంది.

దాని కోసం శుభ్రమైన గాజు మానేసి, ఆయనలాగే ఖాళీ సాకే సీసాలు కరిగిస్తున్నాను. వీధి చివర సారా దుకాణంలో రోజూ బుట్టెడు ఖాళీ సీసాలు తెచ్చుకుంటుంటే ఊళ్లో నా పరువు ఏమైందో నువ్వే ఊహించుకో. నాన్నకు కుడిచేతి వాటం కదా, అందుకని నా ఎడమవాటం పీట పక్కకి నెట్టి, ఆయన పీటలాంటిది కొత్తగా చేయించాను. ముప్ఫై అయిదేళ్ల అలవాటు మార్చుకుని కుడివాటంగా గొట్టం తిప్పుతున్నాను. భుజం పట్టేసింది. అంతా చేశాక కూడా నా బుడగల చార కుడికే తిరుగుతోంది! ఆయనది ఎడమకి. ఆ ముసలాయన ఏదో కిటుకు నాకు నేర్పకుండా పట్టుకుపోయాడు. నువ్వు ఆయన దగ్గర బొగ్గు మోసేవాడివి కదా, ఏదైనా చూసి ఉంటే చెప్పు.

ఇత్సుయో


రుమోయ్,
జులై 22

ఇత్సుయో,

ఎండాకాలపు పరామర్శ. ఎండగా ఉంది.

కిటుకు సంగతి నాకు తెలియదు. నేను బొగ్గు వైపు చూసేవాణ్ణి, ఆయన వైపు కాదు. ఆయన వైపు చూస్తే ఇంకో పని చెప్పేవాడు.

నువ్వు కొత్తగా ఊది పంపిన బంతి అందింది. మీ వదిన అల్మారాలో పెడదామంది. బంతి అల్మారాలో పెట్టడానికా? ఆక్టోపస్‌లు పట్టే కుండల తాడుకి కట్టి వారం రోజులు సముద్రంలో వదిలాను. తీసి ఊపితే లోపల గలగలమంది. రెండు చెంచాల నీళ్లు చేరాయి. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉందే, అబద్ధం చెప్పను. ఆక్టోపస్ కూడా మెచ్చుకుని దాన్ని వాటేసుకుని పైకి వచ్చింది. కానీ నీళ్లు చేరాయి.

ఇదంతా మానెయ్యకూడదూ? మళ్లీ నీ కూజాలే చేసుకో. వాటిని ఎవరూ సముద్రంలో వెయ్యరు.

ఆక్టోపస్‌ని ఎండబెట్టి పంపుతున్నాను. గట్టిగా ఉంటుంది, పళ్లు జాగ్రత్త.

తొకుజి


ఒతారు,
సెప్టెంబరు 9

అన్నయ్యకు,

రెండు చెంచాల నీళ్ల మాట చదివాక రెండు రోజులు నీతో మనసులోనే పోట్లాడాను. మూడో రోజు నువ్వన్నది నిజమేనని ఒప్పుకున్నాను. ఎదురుగా ఉండి ఉంటే మాత్రం ఒప్పుకునేదాన్ని కాదు.

మానెయ్యమన్నావు చూడు, అదే నాకు మింగుడు పడలేదు. నాన్న పని నాకు తగదని నీకూ మనసులో ఉందన్నమాట. ఉండనీ. నవంబరు 6న ప్రదర్శన మొదలు. నా బంతులు నలభై, మధ్యలో ఎత్తు పీట మీద నాన్నది, "తండ్రి చేతి చివరి బంతి" అని చీటీతో. నువ్వూ వదినా రావాలి. రైలు టిక్కెట్లు ఇందులోనే పెట్టాను. నువ్వు వచ్చి నాన్నదాని పక్కన నిలబడితే చాలు నాకు. నా వాటి గురించి ఒక్క మంచి మాట కూడా అననక్కర్లేదు.

ఇత్సుయో


రుమోయ్,
అక్టోబరు 28

ఇత్సుయో,

నడుం పట్టేసింది. రైలులో నాలుగు గంటలు కూర్చోలేను. టిక్కెట్లు తిప్పి పంపుతున్నాను. ఆ చీటీ ఏదో పెడతానన్నావే, అది పెట్టకపోతే ఏం? ఊరికే "బంతి" అంటే సరిపోదా? జనానికి బంతని తెలుస్తుంది కదా.

బాగా జరగాలి.

తొకుజి

ఇత్సుయో, నేను వదినని. ఈయన నడుం నిక్షేపంలా ఉంది. నిన్న ఇంటి కప్పెక్కి రేకులు బిగించారు. అడిగితే నీళ్లు నములుతున్నారు. నన్ను ఒంటరిగా వెళ్లనివ్వరు, తను రారు. కోపం తెచ్చుకోకు. ముల్లంగి ఊరగాయ పంపుతున్నాను.
ఫుసా


ఒతారు,
డిసెంబరు 3

(నల్ల అంచు పోస్టుకార్డు)

మా ఇంట మరణం కారణంగా రానున్న కొత్త సంవత్సరానికి శుభాకాంక్షలు పంపలేకపోతున్నందుకు మన్నించండి.

ఇరవై నాలుగేళ్లు నాతోనే ఉన్న మా గొంబే ఈ నెల 28న కన్నుమూస్తాడు. ఇన్నాళ్లూ వాడి మీద చూపిన ఆదరణకు కృతజ్ఞతలు.

ఇత్సుయో


రుమోయ్,
డిసెంబరు 7

ఇత్సుయో,

గొంబే ఎవరే?

కార్డు మూడుసార్లు చదివాను. ఇరవై నాలుగేళ్లంటే నీకు ముప్ఫై ఒకటప్పుడు. ఆ ఏడు నువ్వు ఊరికి రాలేదు. కొత్త బట్టీ కడుతున్నానని రాశావు. మేము నమ్మాం! మీ వదిన వేళ్లు మడిచి లెక్కపెట్టి చాప మీద కూలబడిపోయింది. తండ్రి ఎవడని అడగను. పెళ్లెందుకు చేసుకోలేదని అడగను. కానీ మేనమామనొకణ్ణి రుమోయ్‌లో బతికే ఉన్నానని వాడికి ఒక్కసారైనా చెప్పావా? ఇరవై నాలుగేళ్లు ఎలా దాచావే? నేను నీ కూజాల్ని వెక్కిరించినందుకా? పడవ నడపడం నేర్పేవాణ్ణి కదే వాడికి.

ఇంకా 28 రాలేదు. అంటే బతికే ఉన్నాడు. మనిషి బతికుండగా సంతాప కార్డులు వేసే తల్లిని నేనెక్కడా చూడలేదు. ఏ డాక్టరు తేదీ చెప్పాడు? ఆ డాక్టరు పేరు రాయి, నేనొచ్చి మాట్లాడతాను. నా నడుం బాగానే ఉంది.

ఫుసా వాడికి ఊలు బనియను అల్లుతోంది. కొలత తెలియదు, మా వంశంవాడే కదా అని నా కొలతకే అల్లుతోంది. వెంటనే రాయి.

అన్నయ్య


ఒతారు,
డిసెంబరు 12

అన్నయ్యకు,

నీ ఉత్తరం చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. తర్వాత, పడవ నడపడం నేర్పేవాణ్ణన్న మాట దగ్గర నవ్వు ఆగిపోయింది.

గొంబే నా బట్టీ పేరు. ఇటుకలు, మంట, లోపల గాజు కరిగే మట్టి మూస. నువ్వు ఎలుగుబంటి బొజ్జ అని వెక్కిరించేది, అదే. పేరు ఎవరికీ చెప్పలేదు, ఒంటరి ఆడది బట్టీకి పేరు పెట్టుకుందంటే ఏమనుకుంటారోనని. ఇప్పుడు అంతకన్నా ఘోరమే అనుకున్నారు. వదినకి క్షమాపణలు చెప్పు. కార్డు ఒక్క నీకే వేశాను, ఏడుస్తూ రాయడం ఇష్టం లేక వేళాకోళంగా రాశాను.

కానీ తేదీ అబద్ధం కాదు. 28న ఇటుకలు విప్పే మేస్త్రీ వస్తాడు.

ఏడాది చివర కాబట్టి ఏం చేశానో చెబుతాను విను. మూడొందల పైన ఊదాను. నలభై ఉంచాను. భుజానికి మందుపట్టీలు వేసుకుని, సారా దుకాణం ఆయన జాలి చూపులు భరించి, కుడివాటంగా తిప్పీ తిప్పీ. ప్రదర్శనలో గోడమీద, "ఒంటరితనం గుండ్రంగా ఉంటుంది" అని రాసి పెట్టారు. ఎవరు రాశారో ఇప్పటికీ తెలియలేదు. పట్నం వాళ్లు గడ్డం కింద చేయి పెట్టుకుని చూశారు, తల ఊపారు. పత్రికలో ఫోటో కూడా వేశారు.

మూడో రోజు ఒక ముసలాయన వచ్చాడు. ఇషికారి వైపు వలలు బాగుచేసే మనిషట, చేతులు చూస్తేనే తెలుస్తుంది. గంటసేపు తిరిగి నాన్న బంతి దగ్గర ఆగాడు. కావలివాళ్లు వద్దంటున్నా చేత్తో తీసి తిప్పాడు. నన్ను పిలిచి, "అమ్మాయ్, ఈ గదిలో వలకి కట్టగలిగింది ఇదొక్కటే. మిగతావి భయపడుతూ ఊదినవి. ఇది ఊదినోడికి ఎవడన్నా లెక్కే లేదు" అన్నాడు. నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

నిజంగానే భయపడుతూ ఊదాను, ప్రతి బంతికీ నాన్న నా వెనక నిలబడి ఉన్నట్టే. ముప్ఫై అయిదేళ్లు గాజు పని చేసి, చివరికి ఆ తాగుబోతు ఒక మధ్యాహ్నం యథాలాపంగా చేసి పారేసినదాన్ని అందుకోలేకపోయాను. నువ్వు ప్రదర్శనకి ఎందుకు రాలేదో కూడా అర్థమైంది. ఆయనదాని పక్కన నావి చూడటానికి నీకు సిగ్గేసి ఉంటుంది. నీ తప్పు లేదు, నాకూ వేసింది.

గొంబే ఆరితే మూస పగులుతుంది. మళ్లీ కట్టే ఓపిక ఈ వయసులో నాకు లేదు, కాబట్టి అదే ఆఖరు. బంతి భద్రంగా నీకు పంపేస్తాను, దాని చోట దాన్ని వేలాడదీయి.

ఇత్సుయో


రుమోయ్,
డిసెంబరు 18
(ఎక్స్‌ప్రెస్)

ఇత్సుయో,

ఇది ఫోనులో చెప్పే ధైర్యం లేదు. వదిన ఎదురుగా కూర్చుని కాపలా కాస్తోంది. అయ్యేదాకా అన్నం పెట్టదట.

ఆ బంతి నాన్నది కాదు.

నాన్నది నేను పగలగొట్టాను. ఆయన పోయిన నలభై తొమ్మిదో రోజు, కర్మ నాడు. నువ్వు టోక్యో గాజు ఫ్యాక్టరీలో ఉన్నావు, సెలవు దొరకలేదు. పూజయ్యాక అందరం తాగాం. ఎవరో హెర్రింగ్ చేపల వల లాగే పాట ఎత్తుకున్నారు. నేను ఆ బంతిని నెత్తిమీద పెట్టుకుని ఆడాను. నాన్నే ఆడేవాడు కదా అలా. మూడు అడుగులు వేశానో లేదో ధభీమని పడింది. పూజారి గారి చెప్పుల మీద. మీ వదిన చీపురు తెచ్చింది.

వారంలో నువ్వు వస్తానని రాశావు. గుమ్మంలో ఖాళీ తాడు చూస్తే నన్ను చంపేస్తావు. నాన్న పనిముట్ల పెట్టె తెరిచాను, ఏదైనా ఒకటి దొరుకుతుందేమోనని. అడుగున ఆయన తలకి కట్టుకునే గుడ్డలో చుట్టి ఒకటి ఉంది. చూడగానే గుర్తుపట్టాను. నువ్వు ఊదుతుంటే బొగ్గుకుప్ప మీద కూర్చుని చూసింది నేనే కదా. పదిహేనేళ్ల పిల్లవి, ఆయన పీట మీద ఎదురు వైపుకి తిరిగి కూర్చుని, ఎడంచేతి వాటంగా, నాలిక బయటపెట్టి ఊదావు. ఆయన నిద్రలేచి వచ్చాడు. నువ్వు అన్నానికి వెళ్లాక దాన్ని చాలాసేపు తిప్పి చూశాడు. నీకు కరగబెట్టేశానని చెప్పాడు. నాకూ అదే చెప్పాడు. చెప్పి, పదిహేనేళ్లు తలగుడ్డలో దాచుకున్నాడు ఆ మొండి మనిషి!

నువ్వొచ్చి గుమ్మంలో దాన్ని చూసి, "నాన్న ఎంత బాగా ఊదేవాడో" అని ఏడ్చావు. అప్పుడేం చెప్పమంటావు నన్ను? రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు పాతికేళ్లు సాగింది. జనవరిలో నువ్వు అడిగితే చెబుదామనుకున్నాను. చార ఎడమకి తిరుగుతోందని రాసినప్పుడు చెబుదామనుకున్నాను. మానెయ్యమని రాశాను, ఎందుకంటే నీతో నువ్వే పోటీపడి భుజం విరగ్గొట్టుకుంటుంటే చూడలేకపోయాను. ఆ చీటీ ముందు నిలబడలేక రాలేదు. సిగ్గేసింది నీ వాటిని చూసి కాదే, నన్ను చూసుకుని.

ఆ వలల ముసలాయన మెచ్చుకున్నది నిన్నే. ఎవడన్నా లెక్కలేనిది నువ్వే.

లేని మేనల్లుడు చచ్చిపోతున్నాడని నాలుగు రోజులు ఏడ్చాను నేను. ఉన్నవాణ్ణి ఇటుకల మేస్త్రీకి అప్పగిస్తే ఊరుకోను. ఆ కుడివాటం పీట ముక్కలు చేసి గొంబే నోట్లో పెట్టు. తిట్టాలంటే తిట్టు. ఫోను చేసైనా తిట్టు, ఈసారి పెట్టెయ్యను.

చావు ఇంటివాళ్లు కొత్త సంవత్సరం కార్డు వెయ్యరు. జనవరి ఒకటిన పోస్టుమాన్ కోసం గేటు దగ్గర నిలబడతాను. నీ కార్డు రాకపోతే ఏం జరిగిందో నాకు తెలుస్తుంది.

తొకుజి

బనియను అయిపోయింది. పంపుతున్నాను.
ఫుసా


ఒతారు,
1994 జనవరి 1

(కొత్త సంవత్సరం కార్డు, పార్సెల్‌కి అంటించి)

అన్నయ్యకూ వదినకూ,

కొత్త సంవత్సరం మీకు నిండుగా ఉండాలి. మా ఇంట చావు లేదు. కార్డు చిన్నది, తిట్లకి చోటు చాలదు, అవి ఫోనులో ఉంటాయి. చెవి దగ్గర పెట్టుకో.

తలగుడ్డ మాట దగ్గర ఉత్తరం పక్కన పెట్టి, బట్టీ ముందు నేలమీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. అలా ఏడ్చి ఎన్నేళ్లయిందో. ఆ ముసలాయన్ని ఇప్పుడు ఎక్కడ పట్టుకుని అడగను? మేస్త్రీ వచ్చాడు, సాకే పోసి పంపేశాను. కుడివాటం పీట చక్కగా మండింది. పాత పీట లాక్కుని ఎడంచేతి వాటంగా కూర్చున్నాను. మొదటిది పోయింది. రెండోది పోయింది. మూడోది ఊదుతుంటే నాలిక బయటికి వచ్చిందని తర్వాత తెలిసింది.

గొంబేకి బనియను పట్టలేదు, నేను వేసుకున్నాను. మోకాళ్ల దాకా ఉంది.

తలగుడ్డలోది తిరిగి పంపను, అది నాది. పార్సెల్‌లో ఉన్నది మూడోది. ముందు సముద్రంలో వేసి చూసుకో, నాకు భయం లేదు. తర్వాత గుమ్మంలో వేలాడదీయి.

దాని కింద డాన్సు చెయ్యకు.

ఇత్సుయో